నీళ్ళకు కొత్త కాలేదు

ఉప్పునీళ్ళలో నీచు కుళ్ళిన వాసన ఎక్కడ తగిలినా నాకు ముందు కోపం వస్తుంది, ఆ తరువాత నూకరత్నం మేడం గుర్తుకొస్తారు. మొన్న లెక్చరర్ల శిక్షణ తరగతులకని అరకు వెళితే, మధ్యాహ్నం భోజనాలు ఓ కొత్త రిసార్టులో పెట్టారు. లోపల అడుగు పెట్టగానే అదే వాసన. గుమ్మానికి ఎదురుగా పెద్ద గాజుతొట్టి, నీలం దీపాలు, ప్లాస్టిక్ పగడాలు, నారింజ రంగు మీద తెల్లచారల సముద్రపు చేపలు నాలుగైదు. ఒకటి అప్పటికే అడుగున పడి ఉంది. మిగిలినవి పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. నేను ముచ్చటపడి చూస్తున్నాననుకున్నాడు మేనేజరు. "నిన్ననే నీళ్ళు నింపాం మేడం. పొద్దున్నే వైజాగ్ నుంచి చేపలొచ్చేశాయి. టూరిస్టులు తెగ ఫొటోలు తీసుకుంటున్నారు," అన్నాడు. నిన్న నీళ్ళు, ఇవాళ చేపలు! నాకు ఒళ్ళు మండిపోయింది.

నేను ఇంటరు చదివింది ఆ చుట్టుపక్కలే, ఆడపిల్లల హాస్టలున్న కాలేజీలో. నూకరత్నం మేడం మాకు జువాలజీ చెప్పేవారు. భీమిలి పక్కన జాలరిపేటలో పుట్టిన మనిషి. పొట్టిగా ఉండేవారు కానీ, గొంతు మాత్రం పడవ మీద నుంచి ఒడ్డుకు కేకేసే గొంతు. పాఠం పుస్తకం భాషలో చెప్పేవారు, కోపం వస్తే పేట భాష తన్నుకొచ్చేది. కోపం తరచుగానే వచ్చేది. పగడపు జీవుల పాఠం మొదలుపెట్టిన రోజు, "మీలో సముద్రం చూసినవాళ్ళు చేతులెత్తండి," అన్నారు. ఒక్క చెయ్యీ లేవలేదు. మా కొండల నుంచి సముద్రం ఒక పూట ప్రయాణం. ఆ సముద్రం పక్క నుంచి రైళ్ళ నిండా జనం వచ్చి మా చేత థింసా ఆడించుకుని ఫొటోలు తీసుకుపోతారు. మమ్మల్ని ఒకసారి కిందికి తీసుకెళ్ళి చూపిద్దామని మాత్రం ఏ మహానుభావుడికీ తోచలేదు. మేడం ఆ మాట ఎత్తితే ప్రిన్సిపాల్ గారు నవ్వి, "ఈ పిల్లలకు సముద్రం ఎందుకమ్మా? బొమ్మ గీసి భాగాలు రాస్తే మార్కులొస్తాయి," అన్నారట. అది మాకు చెబుతుంటే మేడం ముక్కుపుటాలు అదిరాయి.

"ఎందుకా? సముద్రం ఈడి బాబు సొత్తేటి? మీరు ఎల్లనేపోతే నానే తెత్తాను!"

అన్నంత పనీ చేశారు. ల్యాబులో మూలనపడ్డ గాజుతొట్టిని దులిపి కడిగించారు. వాళ్ళ తమ్ముడు అలలు దాటి లోపలికి వెళ్ళి నింపిన నీళ్ళను క్యాన్లలో పోసి బస్సెక్కిస్తే, మేం బస్టాండు నుంచి మోసుకొచ్చేవాళ్ళం. నా పక్క మంచం సుక్రి క్యాను మూత తీసి వేలు ముంచి నాకి, "ఓలమ్మో, నిజంగా ఉప్పేనే!" అని అరిచింది. మేం చిన్నప్పటి నుంచీ పుస్తకాల్లో చదివిన సంగతే అది. అయినా అందరం వేళ్ళు ముంచాం. ఇసుక, పేట ఒడ్డున నీళ్ళలో నానిన రాళ్ళు, నీటిని తిప్పే చిన్న మోటారు, అన్నీ ఒక్కొక్కటే వచ్చాయి. పెద్దతొట్టి పక్కన గొట్టాలతో కలిపి ఇంకో చిన్నతొట్టి పెట్టించారు మేడం. దాన్లో చేపలుండవు. గుబురుగా సముద్రపు నాచు, దాని మీద ఓ దీపం, అంతే. రిఫ్యూజియం అంటే తలదాచుకునే చోటని చెప్పారు. చేపల కంటపడితే బతకని చిన్న చిన్న పురుగులు ఆ నాచులో దాక్కుని పిల్లల్ని పెడతాయట. నీళ్ళలో మిగిలిన మలినాన్ని నాచు తినేస్తుందట. మేం దానికి దాపుతొట్టి అని పేరు పెట్టుకున్నాం.

అన్నీ అమర్చాక చేపలు వేస్తారని ఎదురుచూస్తుంటే ఆవిడ ఒక పచ్చి రొయ్యను వేసి, కుళ్ళనిచ్చారు! ల్యాబంతా కంపు. ముక్కులు మూసుకుని, "ఏటి మేడం ఇది? సేపలెప్పుడేత్తారు?" అని గోల పెట్టాం.

"నీళ్ళు పండాల. దీన్నే సైక్లింగ్ అంతారు," అన్నారు మేడం. "ఈ కుళ్ళులోంచి ఇసం పుడతాది. ఆ ఇసాన్ని తినే సూక్ష్మజీవులు రాళ్ళ మీద పుడతాయి. అయి ఒదిలిందీ ఇసమే. దాన్ని తినేవి ఇంకో రకం పుట్టాల. రెండూ కుదురుకోకముందు సేపనేస్తే మనం సంపినట్టే." గాజుగొట్టంలో తొట్టి నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేసి రంగు చూపించారు. ఆ రంగు పూర్తిగా పోయేదాకా ఆగాలన్నారు.

"అయితే నీళ్ళకి ఇంకా కొత్త అవ్వనేదన్నమాట," అన్నాను నేను.

ఆవిడకు అర్థం కాలేదు. చెప్పాను. మా ఊళ్ళలో మామిడి విరగకాసినా, ముహూర్తాలు పెట్టే దిసారి మంచిరోజు చూసి చెప్పి, ఊరి దేవతకు పెట్టేదాకా ఆ కాయ ఎవరూ నోట పెట్టరు. కొర్రలైనా అంతే, చిక్కుళ్ళైనా అంతే. ఆ పండుగే కొత్త. అప్పటిదాకా రాలిన కాయను చూసి నోరూరినా, పసిపిల్లలు కూడా పక్కకు తప్పుకుంటారు. మేడం గాజుగొట్టం పక్కనపెట్టి నా వీపు మీద ఒక్కటి చరిచారు. "ఓసి గుంటా! సైక్లింగ్, సైక్లింగ్ అని నాను గొంతు సించుకుంతన్నాను. మీ ఇంట్లోనే ఉంది కదే ఆ మాట!" అప్పటి నుంచి మాలో ఎవరూ చేపలెప్పుడని అడగలేదు. "కొత్త అయిందా మేడం?" అని అడిగేవాళ్ళం. "అవనేదు," అని ఆవిడ అనేవారు. ఆగడం మాకు కష్టమనిపించలేదు.

కష్టమైంది పెద్దలకే. పెద్ద అధికారి ఎవరో కాలేజీ చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. తొట్టిలో చేపలు కనబడాలన్నారు ప్రిన్సిపాల్. ఇంకా కుదరదన్నారు మేడం. అంతలో ఆవిడను పేపర్లు దిద్దే పనికి వైజాగ్ పంపారు. ఆవిడ బస్సెక్కారో లేదో, తొట్టి నాచు పట్టి అసహ్యంగా ఉందంటూ ప్రిన్సిపాల్ తోడించేశారు. నాచు పట్టిందట! ప్రాణం పెట్టి పెంచిన దాన్ని పట్టిన మురికన్నాడు ఆ పెద్దమనిషి. రాళ్ళను బ్లీచింగుతో తోమించారు. బోరునీళ్ళు నింపి, వంటగది నుంచి కల్లుప్పు తెచ్చి గుమ్మరించారు. సముద్రమంటే ఉప్పు కలిపిన నీళ్ళే కదా ఆయన లెక్కలో! "మేడం ఒద్దన్నారు సార్," అని నేను అడ్డు నిలబడితే, "నీకేటి తెలుసే? అవతలకి పో!" అని కసిరారు. నేనూ సుక్రీ దాపుతొట్టి వైపు పరుగెత్తి, దొరికినంత నాచునూ పాత నీళ్ళనూ ఒక బకెట్లోకి ఎత్తుకుని హాస్టల్ కిటికీ కింద దాచాం.

మర్నాడు రంగురంగుల చేపలు వచ్చాయి. అధికారి వచ్చేసరికి అవి వెల్లకిలా తేలుతున్నాయి. ఆయన నవ్వి, "కొండ మీద సముద్రం బతుకుతుందా?" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆ నవ్వు నాకిప్పటికీ చెంపదెబ్బలాగే ఉంది. తప్పు చేసింది ఒకరు, తిట్లు తిన్నది మేడం. చేతకాని పని నెత్తికెత్తుకుని కాలేజీ పరువు తీశారన్నారు. చేసిందెవరో మేమంతా చెప్పాం, ఆవిడా చెప్పారు. విన్నవాడు లేడు. ఎక్కడో శబరి ఒడ్డున చింతూరుకు బదిలీ చేసేశారు.

వెళ్ళేముందు ఆవిడకు బకెట్ చూపించాం. వంగి చెయ్యిపెట్టి నాచు విడదీశారు. ఇసుకరేణువంత తెల్లటి పురుగులు చురుగ్గా ఈదుతున్నాయి. మేడం కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చారు. "మీవోళ్ళు అడివిలో మాంవిడికాయ ముందు ఆగుతారు. ఈళ్ళు గాజుతొట్టి ముందు ఆగనేపోనారు. ఈళ్ళేటే మనకి చదువు సెప్పేది?" అన్నారు. సుక్రి మా అందరి తరఫునా, "మళ్ళీ మొదలెడతాం మేడం," అంది. మొదలెట్టాం కూడా. ఆ తరువాత వచ్చిన కొత్త ప్రిన్సిపాల్ అడ్డుపడలేదు. మేడం తమ్ముడు నీళ్ళూ రాళ్ళూ పంపాడు, చివరికి ఒడ్డున గుంటల్లో పట్టిన రెండు చేపపిల్లలనూ పంపాడు. గాజుగొట్టంలో రంగు పోయిన రోజున తొట్టికి పసుపురాసి వాటిని వదిలాం. అవి బతికాయి. కొండ మీద సముద్రం బతికింది! అది చూడాల్సిన మనిషి మాత్రం అక్కడ లేదు. నా కోపమంతా అక్కడే ఉంది.

రిసార్టులో ఆ మేనేజరుకు నేను చెప్పిందేదీ ఎక్కలేదు. "చచ్చినవి తీసేసి వేరేవి వేస్తాం మేడం, ప్రాబ్లం లేదు," అన్నాడు. మంచినీళ్ళ ట్రే పట్టుకుని పక్కనే నిలబడ్డ పిల్ల మా కొండల పిల్లేనని, నీళ్ళు కావాలా అని అడిగిన యాసలోనే తెలిసింది. "మీ ఊళ్ళో మామిడి కొత్త అయిందా అమ్మా?" అని అడిగాను.

"ఇంకా నేదమ్మా. వొచ్చే వారం."

"ఈలోపు కాయ తిన్నావా?"

"అమ్మో! ఎలగ తింటాను?"

తొట్టి వైపు చూపించాను. ఆ పిల్ల అడుగున పడి ఉన్న చేపను చూసింది, పైన నోళ్ళు తెరుస్తున్న వాటిని చూసింది. ట్రే బల్ల మీద పెట్టేసి మేనేజరు వైపు తిరిగింది.

"ఏటి సార్ మీరు? ఈటికి కొత్త అవకుండానే ఏసీసినారా?"

గొంతు పెద్దగానే లేచింది. భోజనాల దగ్గరివాళ్ళు కూడా తలలు తిప్పారు. పడవ మీద నుంచి ఒడ్డుకు కేకేసే ఆ గొంతు నాకు తెలుసు.