చాటింపు లేని తీర్పు

ఈ సంగతి ఇన్నాళ్లూ ఎందుకు రాయలేదంటే నాకు అక్షరాలు వచ్చేవి కావు. అరవై దాటాక బోధన్‌లో మా వీధి పంతులమ్మ దగ్గర సాయంత్రాలు కూర్చుని నేర్చుకున్నాను. నిన్న నల్లా నీళ్లు రావని మైకు ఆటో చెప్పుకుంటూ పోతుంటే, మా ఈడువాళ్లం విన్న ఆ పాత డప్పు చాటింపు గుర్తొచ్చి, బియ్యం చేట పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

అప్పుడు ఎడపల్లి దగ్గర ఒక ఊళ్లో ఉండేవాళ్లం. చెరకు నరుకుతూ దాహమేసి ఆసామి మంచినీళ్ల కడవలో చెంబు ముంచాడని, ఆసామి మనుషులు కులం పేరెత్తి తిడుతూ మా ఆయనను కొట్టారు. పోలీసు కేసు పెట్టినందుకు ఊరి కమిటీ మమ్మల్ని వెలివేసింది. మాతో మాట్లాడినవాళ్లు దండుగ కట్టాలని చాటింది మా మరిదే. ఊరి డప్పు అతని చేతిలోనే ఉండేది మరి. కిరాణంలో ఉప్పు పుట్టలేదు, గిర్నీలో పిండి పట్టలేదు. కలుపుకు నాతో జంటగా వచ్చే పక్కింటి అక్క కూడా నన్ను చూస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. సాక్షులు మాట మార్చడంతో కేసు కొట్టేశారు. ఆ దిగులుతోనే మా ఆయన పోయాడు.

తెలిసినవాళ్లు నిజామాబాద్‌లో ఒక లాయరమ్మను చూపించారు. "కేసు వోయిందని కూసుంటవా అక్కా? గా కేసు ఆళ్లకు శిక్ష వడాలని. ఇప్పుడు సివిల్ దావా ఏద్దాం. నీ నష్టం నీకియ్యాలె, మల్ల నీ జోలికి రావద్దు" అంది. ఎన్నో వాయిదాలు తిరిగాక, వెలి చెల్లదని, నాకు పరిహారం ఇవ్వాలని, కమిటీ ఇకపై అడ్డురాకూడదని కోర్టు తీర్పు చెప్పింది.

సంబరంగా బస్సు దిగితే ఊళ్లో ఒక్కరూ పలకలేదు. డప్పుతో పెట్టిన కట్టు డప్పుతోనే తీయాలన్నది అక్కడి వాడుక. మరిది గడపలో నిలబడి, వెలి తీసేశారని చాటమని అడిగాను.

"జడ్జి ఊళ్లె ఉంటడా వదినె? కమిటోళ్లు జెప్పకుంట డప్పు గొడితే రేపు నాకు గుడ గిదే గతి" అని తలుపు వేసుకున్నాడు.

నష్టానికి కోర్టు వెల కట్టగలిగింది గాని, పలకరింపును ఎవరి నోట పెట్టగలదు? ఇప్పుడు డప్పులు పోయి మైకులు, ఫోన్లు వచ్చాయి. మనిషిని పలకరించకుండా ఉండడానికి ఈ కాలంలో ఎవరి హుకుమూ అక్కర్లేదనిపిస్తుంది.

మరిది తలుపు వేసుకున్న మర్నాడు పొద్దున్నే, ఆడవాళ్లు వాకిళ్లు చల్లే వేళకు, ఒట్టి చేతులతో వీధిలోకి నడిచి నేనే చాటుకున్నాను. "ఇనుండ్రి అవ్వలార, అన్నలార! కోర్టు వెలి తీసేసింది. ఇగ నాతోని మాట్లాడొచ్చు." పక్కింటి అక్క వాకిట్లో మాత్రం ఆగి, ఇంకోసారి చెప్పాను.