జాలరిపేట మైదానంలో గంపల గీత

ఈ ప్రయాణం ఒక సంతకం వల్ల మొదలైంది. నేను ఎలమంచిలిలో పీఈటీ టీచర్ని, మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకి కార్యదర్శిని కూడా. మా మైదానం రైలు పట్టాల పక్కన ఉంటుంది. పట్టాల వైపు గోల్ వెనక కంచె లేదు. సంత ముగించుకుని వచ్చే రైతులు, పాలవాళ్ళు తమ సైకిళ్ళు అక్కడే వరసగా నిలబెట్టి, క్యాన్లయినా దించకుండా ఆట చూస్తారు. ఆ తుప్పు సైకిళ్ళ వరస చూస్తే నాకు ప్రాణం ఉసూరుమనేది. ఇది క్లబ్బా, సైకిల్ స్టాండా అని ఎన్నిసార్లు విసుక్కున్నానో లెక్కలేదు. అలాంటప్పుడు హైవే పక్కన కట్టిన కొత్త స్టేడియం వాళ్ళు వచ్చే సీజన్ నుంచి మమ్మల్ని అక్కడ ఆడుకోమన్నారు. పైకప్పు, కుర్చీలు, లైట్లు, ఆడవాళ్ళకి మరుగుదొడ్లు. జనం పెరుగుతారు, సభ్యత్వాలు పెరుగుతాయి అని కమిటీకి నేనే నచ్చజెప్పాను. సోమవారం ఉదయానికి పత్రం మీద నా సంతకం పడాలి. ఒకసారి పడిందంటే అయిదేళ్ళ దాకా వెనక్కి రావడానికి లేదు, పాత మైదానం కూడా చేతిలోంచి పోతుంది.

శనివారం పాలు పోయడానికి వచ్చిన అప్పలనాయుడు బాబాయ్ గుమ్మంలో ఆగాడు. క్లబ్బులో అందరికంటే పాత సభ్యుడు ఆయనే. "సంతకం ఎట్టీముందు ఓపాలి జాలరిపేట ఎల్లి సూసి రామ్మా. ఆల్లు పెద్ద స్టేడియానికెల్లి, మల్లీ పాత సోటుకే వచ్చీసినారంట" అన్నాడు. కారణం అడిగేలోపే సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఆదివారం మధ్యాహ్నం అక్కడ మ్యాచ్ ఉందని తెలుసుకుని, పత్రం చేతిసంచిలో పెట్టుకుని బయల్దేరాను.

ఉదయం పదిన్నర ప్రాంతంలో విశాఖ వైపు ప్యాసింజర్ దొరికింది. టికెట్ యాభై రూపాయల లోపే, ప్రయాణం గంటన్నర. అనకాపల్లి దాటితే బండిలో కాస్త గాలి ఆడుతుంది. దువ్వాడ దగ్గర ఉక్కు కర్మాగారం పొగ గొట్టాలు కనిపించాయంటే సంచీ సర్దుకోవడం మొదలుపెట్టవచ్చు. స్టేషన్ బయట ఆటో అబ్బాయి రెండు వందలు అడిగి నూట యాభైకి దిగాడు. బేరం ఓపిక లేనివాళ్ళు ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా వెళ్ళి, బీచ్ రోడ్డు వైపు పోయే సిటీ బస్సు ఎక్కితే చాలా తక్కువలో అయిపోతుంది.

"జాలరిపేటకా? సేపలకేటి మేడం?" అన్నాడు ఆటో అబ్బాయి.

"కాదు, ఫుట్‌బాల్ చూడ్డానికి."

అద్దంలోంచి నా వంక చూసి నవ్వాడు. "గంపలాటకా!"

"అదేమిటి?"

"ఎల్లి సూడండి. నాను సెప్తే అబద్దమంతారు."

జాలరిపేటలో దిగేసరికి పన్నెండున్నర. ఒడ్డున పడవలు వరసగా ఉన్నాయి, ఎండకి వలలు ఆరుతున్నాయి. మైదానం కోసం వెతికితే ఇళ్ళకీ ఇసుకకీ మధ్య ఒక గట్టినేల కనిపించింది. రెండు చివర్లా గోల్ స్తంభాలు, వాటికి చేపల వలలే కట్టారు. కుర్చీ లేదు, నీడ లేదు. సున్నం గీతలు ఉండాల్సిన చోట ఇసుక కొట్టుకొచ్చి ఉంది. దీనికోసం స్టేడియం వదులుకున్నారా అని నాకు నవ్వొచ్చింది. ఎలాగూ వచ్చాం కదా అని పక్కనే ఉన్న తాటాకు పాకలోకి భోజనానికి వెళ్ళాను.

ఆ పాక ఎల్లమ్మది. అరవై దాటిన మనిషి, గొంతు మాత్రం పాతికేళ్ళది. అన్నం, కానాగంత చేపల పులుసు నూట ఇరవై రూపాయలు. అంత మంచి పులుసు నేను ఈమధ్య తినలేదు. ఆవిడ కొడుకు నూకరాజే క్లబ్ కార్యదర్శి అని మాటల్లో తెలిసింది. పోర్టులో క్రేన్ డ్రైవర్. ఫోన్ చేయకుండానే నాకు కావలసిన మనిషి ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. నేనూ కార్యదర్శినే అనేసరికి కష్టం చెప్పుకునే తోడు దొరికినట్టు మొదలుపెట్టాడు.

"మూడేల్ల కిందట స్టేడియానికెల్లాం మేడం. మొదటి మ్యాచ్‌కి జనం ఇరగబడిపోనారు. రెండోదానికి సగం. ఆ తరవాత ఆటగాల్ల ఇంటోల్లు తప్ప ఎవులూ నేరు. దూరమేమో అని బస్సులెట్టాం. ఎండేమో అని సాయంత్రానికి మార్సాం. సభ్యత్వం పుస్తకాలు పట్టుకుని ఈదీదీ తిరిగాం. ఒక్కరు ముట్టుకోనేదు. క్లబ్ మూసీడమే అనుకున్నాం."

"మరి కారణం ఎలా తెలిసింది?"

అతను తల గోక్కున్నాడు. జవాబు పొయ్యి దగ్గర్నుంచి వచ్చింది. "ఊరందర్నీ అడిగినాడు. ఇంట్లో అమ్మని మాత్తరం అందరికంటే ఆకర్న అడిగినాడు" అంది ఎల్లమ్మ గరిటె తిప్పుతూ.

"మరి నువ్వైనా ముందే సెప్పనేదేటమ్మా?"

"నువ్వడిగినావేటిరా?" అని నా వైపు తిరిగింది. "గేటు కాడ సేపల గంపలు బయటెట్టి రమ్మన్నారమ్మా. వాసనంట. ఈదులన్నీ తిరిగి అమ్ముకునొచ్చీవోల్లం, గంప ఇంటికాడ దించి, నీల్లోసుకుని ఎల్లీసరికి ఆట అయిపోద్ది. అది సరేలే అనుకున్నాం. లోనకెల్లి సూత్తే గీత ఆల్లే గీసీసుకున్నారు. ఇంక మాం ఎందుకు?"

ఆ చివరి మాట నాకు అర్థం కాలేదు. గీతకీ వీళ్ళకీ ఏం సంబంధం? అడిగేలోపే ఆవిడ పొయ్యి ఆర్పి, మూల నుంచి పాత వెదురు గంప తీసి నెత్తిన పెట్టుకుంది. "మూడైపోయింది, రా" అంది. ఇంకా ఇద్దరు భోజనానికి వచ్చి నిలబడితే, "రేపు రండి బాబూ" అని తలుపుకి గొళ్ళెం పెట్టేసింది.

తరవాత చూసింది చెప్పడానికి నాకు మాటలు చాలవు. అయినా చెబుతాను. బీచ్ రోడ్డు వైపు నుంచి, సందుల్లోంచి, ఒడ్డు వెంబడి ఆడవాళ్ళు రావడం మొదలుపెట్టారు. నెత్తిన ఖాళీ గంపలు, సత్తు బేసిన్లు. ఎవరూ పిలవలేదు, మైకు లేదు. ఒక్కొక్కరూ మైదానం అంచుకి వచ్చి, కాలితో ఇసుక తోసి, గంప బోర్లించి వెనక్కి జరిగి కూర్చున్నారు. పది నిమిషాల్లో మైదానం ఈ చివర నుంచి ఆ చివర దాకా గంపల వరస తయారైంది. తాడు పట్టి గీసినా అంత తిన్నగా రాదు. అవతలి పక్క కూడా అలాగే. సముద్రపు గాలికి సున్నం నిలవదు కాబట్టి ఈ ఊరి మైదానానికి మొదటి నుంచీ గంపలే గీత. బంతి గంపకి తగిలితే బయటికి పోయినట్టే, రెఫరీ కూడా ఒప్పుకోవాల్సిందే.

"ఇది మా అత్త సోటు" అంది ఎల్లమ్మ గంప దించుతూ. "ఆవిడ తరవాత నాకొచ్చింది. నా తరవాత కోడలికి."

నూకరాజు సభ్యత్వ పుస్తకం తెరిచి చూపించాడు. పేర్లు అక్షరాల క్రమంలో లేవు, గంపల వరసలో ఉన్నాయి. స్టేడియంలో ఉన్నంతకాలం వెలవెలబోయిన పుస్తకం, తిరిగొచ్చిన మొదటి ఆదివారమే నిండిందట. గంప వస్తే వెనకాలే ఆ ఇంటి మగవాళ్ళు, పిల్లలు, చుట్టాలు వస్తారు. నిజంగానే పడవల మీద, గోడల మీద, ఇళ్ళ కప్పుల మీద కాలు పెట్టే సందు లేదు. గోల్ వెనక సముద్రంలో ఒక పెద్ద ఓడ హార్బర్ వైపు నెమ్మదిగా పోతోంది. దాని వంక చూసేవాడే లేడు. పద్దెనిమిదేళ్ళుగా మైదానాల్లోనే బతుకుతున్నాను, మనుషులే మైదానమైపోవడం ఎప్పుడూ చూడలేదు.

ఎల్లమ్మ పక్కన ఒక గంప మేర ఖాళీ ఉంది. "రావులమ్మ కూతురి పురిటికెల్లింది. కాలీ ఉంటే తగువులొత్తాయి. నీ సంచెట్టు" అంది. నా చేతిసంచిని, లోపలి పత్రంతో సహా, ఆ వరసలో పెట్టాను. రెండో సగంలో బంతి దొర్లుతూ వచ్చి సరిగ్గా దానికే తగిలింది. రెఫరీ ఈల వేసి చెయ్యి చూపించాడు. చుట్టూ ఆడవాళ్ళు కేరింతలు కొడుతూ నా వీపు మీద చరిచారు. ఎందుకో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సిగ్గుపడి ఇసుక పడిందన్నాను. మ్యాచ్ ఒకటి ఒకటితో ముగిసింది. అయిదు దాటాక ఎవరి గంప వాళ్ళు నెత్తికెత్తుకున్నారు. క్షణంలో గీత లేదు, అది మళ్ళీ ఉత్త నేల.

ఆరు తరవాత ఎలమంచిలి వైపు బండి ఉంది, ఆ బండికే తిరిగొచ్చాను. కిటికీ పక్కన కూర్చుంటే మా మైదానమే కళ్ళ ముందు ఆడింది. పట్టాల వైపు కంచె లేని చోట మా బంతి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా రైలు కింద పడలేదు. ఎందుకు పడలేదో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆ తుప్పు సైకిళ్ళు ఆపాయి. నేను నచ్చజెప్పిన పత్రంలో, నా చేత్తోనే రాసిన నిబంధన ఉంది: సైకిళ్ళు, క్యాన్లు గేటు బయటే. బండి దువ్వాడ దాటాక బాబాయికి ఫోన్ చేశాను.

"బాబాయ్, స్టేడియంలోకి సైకిల్ రానివ్వకపోతే మీరు వస్తారా?"

ఆయన నెమ్మదిగా అన్నాడు. "ఇన్నాల్లకి అడిగినావమ్మా."

సోమవారం ఉదయం సంతకం పెట్టలేదు. కమిటీ నన్ను బాగానే దులిపింది, నేనే నచ్చజెప్పి నేనే వెనక్కి తగ్గానని. పడ్డాను, ఆ తిట్లు నావే. పెద్ద స్టేడియం తప్పని నేననను, కుర్చీలు ఎవరికి చేదు? కానీ జనాన్ని ఎక్కడ కూర్చోబెట్టాలా అని ఇన్నాళ్ళూ ఆలోచించాను తప్ప, వాళ్ళు అక్కడ ఏం చేస్తున్నారో చూడలేదు. చూడ్డానికి టికెట్ అక్కర్లేదు, పక్కన నిలబడితే చాలు. అది తెలుసుకోవడానికి జాలరిపేట దాకా వెళ్ళాల్సి వచ్చింది.

మీరూ వెళ్ళేటట్టయితే ఒక్క సలహా. మూడు గంటలకల్లా మైదానం దగ్గర ఉండండి, ఉత్త చేతులతో మాత్రం వెళ్ళకండి. గంప అక్కర్లేదు, పాత సంచీ అయినా చాలు. వరసలో ఎక్కడో ఒక చోటు ఖాళీ ఉంటుంది, ఎవరో ఒకరు పెట్టమంటారు.