వారం వారం పాతబడిన తుపాకీ

ముంచింగిపుట్టు సంతలో నా అల్లం బుట్ట పక్కనే పాతసామాన్ల మనిషి ఒకడు గోనె పరిచేవాడు. దాని మీద దొరల కాలం నాటి తుపాకీ ఒకటి ఉండేది. అది పేలదు, గొట్టం నిండా తుప్పే. అయినా ప్రతి సంతకీ ధర ఐదొందలు పెంచేవాడు. కొనడానికొచ్చినవాళ్లు ఎందుకని అడిగితే తువ్వాలుతో దాన్ని తుడుస్తూ, "వారం పాతదైంది కద బాబూ" అనేవాడు. మోసగాడే అనుకున్నాను.

అరకులో హోటలు కట్టిన పట్నం ఆయన, గోడకి తగిలిద్దామని ఇరవై వేలకి ఒప్పుకుని వెళ్లి, మరుసటి సంతకి డబ్బు తెచ్చాడు. ఇతను ఇంకో ఐదొందలు అడిగాడు. ఆయన తిట్టుకుంటూ వెళ్లిపోయాడు.

నాకు ఒళ్లు మండింది. "ఇల్లు కారతంది, రేకులు కొనాలన్నావు. ఏటిరా ఈ పని?"

"పాతదైంది కద మామ్మా. అబద్ధం సెప్పమంటావేటి?"

సంత లేచే వేళకి నా అల్లం బేరమాడాడు. "వాడిపోనాది మామ్మా, తగ్గించియ్యి."

"పోయిన సంతదిరా. వారం పాతదైంది, పది రూపాయలు ఎక్కువియ్యి" అన్నాను.

నవ్వుతాడనుకున్నాను. అతను అల్లాన్ని తువ్వాలుతో తుడిచి చూసి, న్యాయమేనన్నట్టు తలూపి, పది ఎక్కువే ఇచ్చాడు.

మోసగాడు కాదని అప్పుడు తెలిసింది. పది మాత్రం తిరిగివ్వలేదు.