మా ట్రాన్స్‌ఫార్మర్ మీద మిగిలిన కరెంటు

ఇది ఎల్లారెడ్డి గడ్డ మీద జరిగిన మహాసంగ్రామం. నిప్పులు, ఉరుములు, వెన్నుపోటు అన్నీ ఉంటాయని మాటిస్తున్నాను. సరే, ఉండవు. ఒక ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, దాని పక్కన మా వరి నారు ఉంటుంది.

పాత బోరు సన్నగిల్లిందని మా బాపు కొత్తది వేయించాడు. నీళ్లు పడ్డాయి, కరెంటు కనెక్షనే పడలేదు. ట్రాన్స్‌ఫార్మర్ నిండిందన్నారు. నిండింది కామారెడ్డి ఆఫీసు కాగితంలో. ఇక్కడ రైతులంతా పాత మోటర్లు పీకేసి, తక్కువ కరెంటు తాగే కొత్తవి బిగించుకున్నారు. అలా మిగిలిన కరెంటుతో బాపు మోటరు హాయిగా తిరగగలదు. కానీ ఆఫీసు ప్లానులో ఇంకా పాత మోటర్లే తిరుగుతున్నాయి. రైతు వాడిందానికి లెక్క ఉంది, మిగిల్చిందానికి లేదు! ఇటు నాటు వేయడానికి నీళ్లు చాలక నారు ముదురుతోంది.

బాపు తిరగ్గా తిరగ్గా, కొలవడానికి ఇంజనీరు సారు వచ్చారు. మీటరు తగిలించేందుకు లైను ఆపించారు. మా దగ్గర మోటరు వేయడానికి ఎవరూ పొలానికి పోరు. ఆటో స్టార్టర్లు ఉంటాయి, కరెంటు రాగానే అవే లేపుతాయి. వాటిని ముందే తీసిపెట్టాలని ఊళ్లో ఒక్క బుర్రకూ తట్టలేదు. లైను వేయగానే మోటర్లన్నీ ఒక్కసారే లేచాయి. లేచేటప్పుడు మోటరు ఎన్నో రెట్లు కరెంటు గుంజుతుంది. సారు సరిగ్గా ఆ అంకె చూసి మీటరు సంచిలో పెట్టేశారు.

“సార్, జర ఆగున్రి. ఇప్పుడే లేసినయ్, తగ్గుతది,” అన్నాడు బాపు.

“చూసిన గద. ఫుల్లున్నది.”

“మల్లొక్కపారి పెట్టి చూడున్రి సార్. నారు పోతది.”

“కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌కు ప్లానుల పెడ్త. అచ్చినంక ఇస్తం.”

నాకు ఒళ్లు మండింది. ఉన్న కరెంటు చూడకుండా కొత్త ట్రాన్స్‌ఫార్మర్ కొంటారట!

“సార్, పెండ్లిల బువ్వకాడ తొక్కిసలాట చూసి ఊరి జనాభా రాస్తరా?” అన్నాను.

“నువ్వు నోరు మూస్కోరా!” అన్నాడు బాపు.

సారు మాత్రం పగలబడి నవ్వారు. “పోరడు మంచిగ మాట్లాడుతుండు,” అని భుజం తట్టి బండెక్కారు. మెచ్చుకోలు అక్కడికక్కడే మంజూరైంది. కనెక్షన్ కాలేదు.

నారు ముదిరిపోయింది, బర్రెలకు కోసి వేశాం. వరి నాటాల్సిన పొలంలో బాపు మక్కజొన్న వేశాడు. మక్కకు వరి కన్నా నీళ్లు తక్కువ పడతాయి, సన్నగిల్లిన పాత బోరే చాలు.