దయ్యాలకు ఎన్ని ఎండలు?

బీసెంట్ రోడ్డులో మా అమ్మాయికి చీకట్లో మెరిసే దయ్యాల పేకముక్కలు కొన్నాను. నిన్న లైటు ఆర్పితే ఒక్క దయ్యమూ మెరవలేదు. పిల్ల ఒకటే ఏడుపు. ముందు వాటికి బాగా వెలుతురు తగలాలట, పెట్టె మీద రాసి ఉంది.

ఆ మాట విన్న మా అమ్మ ఇవాళ డాబా మీద పాత చీర పరిచి, వడియాల పక్కనే ముక్కలన్నీ ఎండబెట్టింది. కాకులు రాకుండా కర్ర పట్టుకుని కూర్చుంది.

పక్క డాబా మీద బట్టలారేస్తున్న షాహీన్ గారు, "ఏంటి పిన్నిగారూ అవి?" అన్నారు.

"దయ్యాలమ్మా. నిన్న ఎండ చాల్లేదు."

సాయంత్రం ముక్కలు కిందికి తెచ్చి, కిటికీలు మూసి లైటు ఆర్పాం. దయ్యాలన్నీ పచ్చగా వెలిగాయి. పిల్ల చప్పట్లు కొట్టింది. కెవ్వుమన్నది మాత్రం రోజంతా వాటికి కాపలా కాసిన మా అమ్మే!

"ఒక్క ఎండే ఎక్కువైపోయిందిరా," అంటోంది. వడియాలకైతే మూడు ఎండలు. దయ్యాలకు ఎన్నో తెలిసినవాళ్లు చెప్పండి బాబూ!