తెగులును భిక్షమడిగిన వెంకట్రాములు గారు

మా గురువు వెంకట్రాములు గారు పరమపదించారని మొన్న పొద్దున గద్వాల దవాఖాన నుంచి ఫోను వస్తే నేను నమ్మలేదు. వారం కిందటే ఆయన మంచం మీంచి "మచ్చలొచ్చినయా?" అని అడిగి, ఇంకా రాలేదంటే అలిగి ఫోను పెట్టేశారు. జవాబు తెలియకుండా కదిలే మనిషి కారాయన.

వేరుశనగ ఆకులను మచ్చలతో మాడ్చే బూజు తెగులు ఆయనకు ఆజన్మశత్రువు. ఆ బూజును కరిగించే జన్యువొకటి వరిలో ఉంది. దాన్ని వేరుశనగలోకి ఎక్కించి, వనపర్తిలో వల కట్టిన పందిరి కింద మొక్కలు పెంచారు. పరీక్ష ఒక్కటే: పక్క వరుసలోని మామూలు మొక్కలకు తెగులు రావాలి, వీటికి రాకూడదు.

అందుకని, మాడిన ఆకు తెచ్చి మొక్కల మీద చల్లి అంటించేందుకు, ఊరూరా తెగులు కోసం భిక్షాటన చేశారు. గోపాల్‌పేటలో ఒక రైతును, "నీ చేన్ల తెగులెట్లుందే?" అని అడిగారు.

"చేనంత మాడింది సారు."

"మంచిగైంది. జర రెండు సంచుల ఆకు ఇయ్యి."

లోపలి నుంచి రైతు భార్య, "గీయనను మల్ల గడప తొక్కనియ్యకు" అంది. ఆ మాటను ఆయన సన్మానపత్రంలా అందరికీ వినిపించేవారు.

పోయినేడు అధికారులు పరిశీలనకు వచ్చారు. వాళ్లు ఒప్పుకుంటేనే పని ముందుకు సాగుతుంది. తీరా చూస్తే, కూలికి వచ్చే బాలమ్మ తెల్లవారకముందే తెగులు పట్టిన వరుసంతా పీకేసి, పందిరి ముందు ముగ్గు పెట్టింది. "సుట్టాలొస్తుంటే ఇల్లు ఊడ్వమా సారు? గా మచ్చల చెట్లు సూస్తే మన ఇజ్జత్ ఏం గావాలె?"

పచ్చని మొక్కలను చూసి అధికారులు మురిసిపోయారు. ఊరుకుంటే అనుమతి వచ్చేదే. ఆయన ఊరుకోలేదు. "అయ్యా, ఇక్కడ రోగమే లేదు. రోగం లేనిచోట ఆరోగ్యం గొప్పేముంది?" అన్నారు. అనుమతి ఏడాది వెనక్కి పోయింది. నాకు ఏడుపొచ్చింది. ఆయన మాత్రం బాలమ్మతో, "ముగ్గు మంచిగేసినవ్" అన్నారు.

ఈ ఏడు తెగులుకు బాలమ్మే కాపలా. మందు డబ్బాతో ఎవరొచ్చినా కొంగు దోపి అడ్డం నిలబడింది.

అంత్యక్రియల వేళ మేమంతా పూలదండలతో నిలబడి ఉంటే, ఆమె పరుగున వచ్చి మచ్చల ఆకుల కొమ్మొకటి ఆయన గుండె మీద పెట్టింది.

"పక్క వరుసంత మాడింది సారు. మనయి పచ్చగున్నయ్. నమ్మకుంటే లేసి సూడు."

ఆయన లేవలేదు. ఆ మాట విని కూడా లేవలేదంటే, మా గురువుగారు నిజంగానే వెళ్లిపోయారు.