దొరగారి చోట కవిగారు

మా నంద్యాల చర్చిలో ఒక కవి బొమ్మను పుస్తకంలోంచి కోసి, చర్చి కట్టిన దొర ఈయనే అని గోడకు తగిలించారు. అడిగే నాథుడు లేడు.

చర్చి నూరేళ్ల పండగనాడు దండ వేయడానికి దొరగారి ఫొటో దొరకలేదట. పాత బంగళా బీరువాలోని పుస్తకంలో గడ్డం మనిషి కనిపిస్తే కత్తెర వేశారు. పుస్తకానికి కత్తెర! మిగిలినదాన్ని, చదువు పిచ్చోడినని నాకిచ్చారు. నేను బడికి పోయినవాణ్ని కాను, సినిమా పోస్టర్లు చూసి అక్షరాలు నేర్చినవాణ్ని. ఆళ్లగడ్డలో మా ఇంటి అరుగు మీద కూర్చుని ఫోనులో అనువాదం పెట్టి చూస్తే అది డచ్చి భాష, అన్నీ దేవుడి మీద పద్యాలు. మూడు వందల ఏళ్ల నాటి కాగితం ఇంకా తెల్లగా ఉంది. రాసినాయన చెప్పులు కుట్టేవాడట, పుట్టిన ఊరు దాటలేదట. చూపు మసకబారాక, సూదిలో దారం ఎక్కించి పెట్టమని ఒక పద్యంలో దేవుణ్ని అడుగుతాడు. దేవుణ్ని అంత చిన్న పని అడగొచ్చని నాకు అంతవరకూ తెలియదు.

బొమ్మ కిందా, పుస్తకం మీదా ఉన్నది ఒకే పేరు. ఏళ్లుగా బస్సెక్కి పోయి ఎన్నిసార్లు చెప్పినా సంఘపెద్ద నవ్వేవాడు. "గడ్డముంది, చేతిలో బైబిలుంది. దొర కాక ఇంకెవరప్పా?"

మొన్న ఆ సూది పద్యాన్ని తెలుగులో రాసుకుపోయి ఆయనకు చదివి వినిపించాను. ఆయన లేచి గోడ మీది బొమ్మ దించి, నా చేతిలో పెట్టి అన్నాడు:

"బొమ్మ తీస్కపోయి బుక్కులో పెట్టుకో పెద్దాయనా. ఆ పద్యం మాత్రం ఈడ ఇడిసిపో, ఆదివారం పాడుకుంటాం. ఇన్నేండ్లు మాతో ఊరికే దండలేయించుకున్యాడు, ఒక పాటన్నా ఇయ్యనీ."